దేనికి నెగెటివ్, సార్?

పదకొండేళ్లుగా నేను రొయ్యపిల్లల పీసీఆర్ ల్యాబులో పనిచేస్తున్నాను. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. గుంటలో సీడ్ వదిలే ముందు రైతు హేచరీ నుంచి కాసిన్ని పిల్లల్ని కవర్లో నీళ్లతో సహా తెచ్చి మా బల్ల మీద పెడతాడు. చూడ్డానికి బంగారంలా ఉంటాయి, చురుగ్గా ఎదురీదుతుంటాయి. వాటిని నూరి, డీఎన్‌ఏ తీసి, తెల్లమచ్చ వైరస్ ఉందా, రొయ్యను ఎదగనీయని పరాన్నజీవి ఈహెచ్‌పీ ఉందా అని చూసి కాగితం ఇవ్వడం నా పని. మా నాన్న టైగర్ రొయ్య వేసిన 1994, 95 ప్రాంతాల్లో మా ఊరివాళ్లకు ఈ పరీక్షలు తెలియవు. కంటికి బాగున్న సీడ్ కొన్నారు, తెల్లమచ్చ వచ్చి గుంటలకు గుంటలు పోయాయి. పొలం అమ్మి అప్పు తీర్చిన ఇళ్లలో మాదీ ఒకటి. పైకి కనపడేది వేరు, లోపల ఉండేది వేరు అని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తమ్ముడికి మెదడులో గడ్డ అని తెలిశాక మేము పడ్డ తిప్పల్లో నన్ను నిలబెట్టింది ఈ పనే. అందుకని ముందు ఇది చెప్పాను.

2023 జనవరి, సంక్రాంతి అయిన వారం. ఫిబ్రవరిలో సీడ్ వేయాలని తమ్ముడు గుంట ఎండగట్టి సున్నం చల్లిస్తున్నాడు. కట్ట మీద నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పక్కకు ఒరిగి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడంట. కూలీలు భయపడి చేతిలో తాళాలగుత్తి పెట్టారు. మేం నెల్లూరు ఆసుపత్రికి చేరేసరికి స్పృహ వచ్చింది గానీ, "ఏమైందక్కా, నన్ను ఈడికెందుకు తెచ్చుండారు?" అని అడిగిందే అడుగుతున్నాడు. వాడికప్పుడు ముప్పై నాలుగేళ్లు. పెద్దది రెండో తరగతి, చిన్నోడికి ఇంకా మూడు నిండలేదు.

సీటీలో కుడివైపు ముందు భాగంలో గడ్డ కనపడింది. అందులో అక్కడక్కడ తెల్లటి పొక్కుల్లాంటివి ఉన్నాయి. "అది కాల్షియం" అన్నాడు స్కానింగ్ అబ్బాయి. ఆ మాటను అప్పుడు ఎవరం పట్టించుకోలేదు. తర్వాత ఎమ్మారై తీశారు, ఫిట్స్ రాకుండా లెవిటిరాసెటామ్ మొదలుపెట్టారు, పది రోజుల్లో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ గురించి ఎక్కువ చెప్పను. చేసిన డాక్టరు చేయి మంచిది. గడ్డ చాలా వరకు వచ్చింది, మాట పోలేదు, చేయి పడిపోలేదు. మూడో రోజుకు వాడు లేచి కూర్చుని అమ్మ తెచ్చిన చారన్నం తిన్నాడు.

ఆరో రోజు బయాప్సీ రిపోర్టు వచ్చింది. హై గ్రేడ్ గ్లియోమా, అంటే తొందరగా పెరిగే మెదడు గడ్డ, అందులోనూ గ్లియోబ్లాస్టోమా అనే రకం అయ్యే అవకాశం ఎక్కువ, గ్రేడ్ 4 అని ఉంది. ఒక జూనియర్ డాక్టరు మా చిన్నాన్నను వరండాలోకి పిలిచి, "ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. మీరు ధైర్యంగా ఉండాలి" అన్నాడంట. చిన్నాన్న ఆ మాట ఒక్కడే మోయలేకపోయాడు. సాయంత్రానికి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మరదలు ఆ రాత్రి పిల్లల్ని చెరో పక్క వేసుకుని గోడకానుకుని కూర్చుంది, తెల్లారేదాకా పడుకోలేదు.

ఆ జూనియర్ డాక్టరు లేని అంకె చెప్పలేదు. 2005లో వచ్చిన పెద్ద ట్రయల్లో, రేడియేషన్‌తో పాటు టెమొజోలమైడ్ మాత్రలు కూడా వాడిన గ్లియోబ్లాస్టోమా రోగుల్లో సగం మంది 14.6 నెలలకు మించి బతకలేదు. ఆ మాత్రలు లేకుండా రేడియేషన్ ఒక్కటే ఇస్తే అది 12.1 నెలలు. అంకె నిజమే, కానీ అది గ్లియోబ్లాస్టోమాకు సంబంధించిన అంకె. తమ్ముడిది గ్లియోబ్లాస్టోమానే అని ఎట్లా తేల్చారు అని అడగాలన్నది ఆ రోజు నాక్కూడా తట్టలేదు.

మరుసటి రాత్రి వార్డులో ట్యూబులైటు కింద రిపోర్టు మళ్లీ చదివాను. రెండో పేజీ అడుగున, సంతకానికి పైన, చిన్న అక్షరాల్లో ఒక లైను కనపడింది. ఐడీహెచ్, ఏటీఆర్ఎక్స్, 1పీ/19క్యూ పరీక్షలు చేయించి నిర్ధారించుకోవలెను అని. రిపోర్టు ఇచ్చిన కౌంటర్లోగానీ, వరండాలో మాట్లాడిన డాక్టరుగానీ ఆ లైను మాకు చదివి చెప్పలేదు. రాసిన పాథాలజిస్టు తన పని తాను చేశాడు. మా దాకా చేర్చాల్సినవాళ్లు చేర్చలేదు. ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఐడీహెచ్ అన్న మాట చూడగానే ఇది జీన్ పేరు అని అర్థమైంది. ఫోనులో వెతికి చదివాను. మెదడు గడ్డల్లో ఐడీహెచ్1 జీన్ మారిపోయి ఉంటుందని 2008లో కనిపెట్టారు. మారిన జీన్ తయారుచేసే ఎంజైము తన పని మానేసి, 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే పదార్థాన్ని కణంలో పోగేస్తుంది. ఆ మార్పు ఉన్న గడ్డ నెమ్మదిగా పెరిగే జాతి, లేనిది తొందరగా పెరిగే జాతి. సూక్ష్మదర్శిని కింద రెండూ ఒకేలా కనపడొచ్చు. అక్కడ నాకు మా ల్యాబు బల్ల గుర్తొచ్చింది.

వారం తర్వాత రేడియేషన్ డాక్టరు దగ్గరికి వెళ్లాం. పెద్దాయన, నెమ్మదస్థుడు. ఐడీహెచ్ పరీక్ష గురించి అడిగితే, "అది పంపించాం తల్లీ, నిన్ననే వచ్చింది. నెగెటివ్. అంటే గ్లియోబ్లాస్టోమానే. ఆరు వారాలు రేడియేషన్, దాంతోపాటు మాత్రలు" అని కాగితం తిప్పి చూపించాడు.

మరదలు తల వంచుకుంది. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నా నోట్లోంచి రోజూ రైతులతో వాడే మాటే వచ్చింది.

"దేనికి నెగెటివ్, సార్?"

ఆయన కళ్లజోడు పైకి జరిపాడు. నేను నా పని ఏమిటో చెప్పాను. మా దగ్గర రైతు కాగితం చేతికందగానే "నెగెటివేగా, సీడ్ వదిలేస్తా" అంటాడు. దేనికి నెగెటివో చూసుకో అని మేం చెప్తాం. తెల్లమచ్చకు వేసిన ప్రైమరు తెల్లమచ్చనే పట్టుకుంటుంది. ఈహెచ్‌పీ గురించి అది ఏమీ చెప్పదు. వెతికినది దొరకలేదంటే వెతకనిది లేదని కాదు. అందుకని అడిగాను: ఈ పరీక్ష జీన్ మొత్తాన్ని చూసిందా, ఒక్క చోటే చూసిందా?

డాక్టరు రిపోర్టు దగ్గరికి తీసుకుని చదివాడు. ఐడీహెచ్1, ఆర్132హెచ్, ఇమ్యునో అని ఉంది. ఇమ్యునో అంటే యాంటీబాడీతో రంగు పట్టించి చూసే పరీక్ష. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఒక్క మార్పే చూస్తుంది. ఐడీహెచ్ మారినవాళ్లలో పదికి తొమ్మిది మందికి అదే ఉంటుంది. ఇంకా వేరేవి ఉన్నాయి. యాభై ఐదు దాటిన మనిషైతే ఇంతటితో ఆగొచ్చు. ఇతనికి ముప్పై నాలుగు. జీన్‌ను అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ చేయించాల్సిందే. నేనే చెప్పుండాల్సింది తల్లీ."

ఆ చివరి మాట అన్నందుకు ఆయనంటే నాకు గౌరవం. తప్పు జరగలేదని వాదించలేదు. ఆపరేషన్ గాయం మానడానికి ఎట్లాగూ నాలుగు వారాలు కావాలి, ఈలోపు తేల్చుకురమ్మని చెన్నైలో తనకు తెలిసిన న్యూరోపాథాలజిస్టుకు ఉత్తరం రాసిచ్చాడు. బెంగళూరు నిమ్హాన్స్, వేలూరు సీఎంసీ, హైదరాబాదు నిమ్స్ లాంటి చోట్ల మెదడు గడ్డలు చూడడానికి ప్రత్యేకంగా పాథాలజిస్టులు ఉంటారని కూడా ఆయనే చెప్పాడు. మాకు పినాకిని ఎక్కితే మూడు గంటల్లో చేరే ఊరు చెన్నై గనక అటే మొగ్గాం.

ఇక బ్లాకుల సంగతి. ఇది వివరంగానే రాస్తాను, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

ఆపరేషన్లో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, తర్వాత మైనంలో పోసి దిమ్మెలా చేస్తారు. బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ, అందులో తెల్లటి మైనం, మధ్యలో వేరుశనగ పలుకంత గోధుమరంగు ముక్క. దాన్నే బ్లాక్ అంటారు. దాని నుంచి ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీద రంగులద్ది చూస్తారు. గాజు పలకలు చూసి రాసిందే మొదటి రిపోర్టు. జీన్ పరీక్షలన్నిటికీ బ్లాకే కావాలి. అది రోగి శరీరంలోంచి వచ్చిన ముక్క. రెండో అభిప్రాయానికి కావాలంటే ఇవ్వాలని నా నమ్మకం.

మూడు రోజులు తిరిగాను. మొదటి రోజు కౌంటర్లో "అవి మావమ్మా, బయటికి ఇవ్వం" అన్నారు. రెండో రోజు "ఇన్‌చార్జి లేడు, రేపు రా" అన్నారు. మూడో రోజు డాక్టరు ఉత్తరం, తమ్ముడు సంతకం చేసిన అర్జీ, వాడి ఆధార్ జిరాక్సు, బయాప్సీ నంబరు, నా ఆధార్ జిరాక్సు, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని పోయి, ఇచ్చేదాకా కదలనని బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి రిజిస్టరులో సంతకం పెట్టించుకుని రెండు బ్లాకులు, ఆరు స్లైడ్లు ఇచ్చారు. తిరిగి ఇవ్వాలని రాయించుకున్నారు, అది న్యాయమే. వాటిని నేను మా శాంపిళ్ల డబ్బాలో, దూది మధ్య పెట్టాను. మైనం గనక ఎండకు పెట్టకూడదు. ఆటో వెనక అద్దం దగ్గర పెట్టబోయిన చిన్నాన్న చేతిలోంచి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను.

చెన్నైలో ఆ డాక్టరమ్మది చిత్తూరు వైపు. పాథాలజిస్టులు మామూలుగా గది దాటి బయటికి రారు, రోగి మనుషులతో మాట్లాడరు. ఆమె మాట్లాడింది. నేను ఏం పని చేస్తానో విని కుర్చీ దగ్గరికి జరుపుకుంది, మైక్రోస్కోపులో నన్ను చూడనిచ్చింది.

"ఇదిగో, గుండ్రటి కణాలు, చుట్టూ తెల్లగా ఖాళీ. హాఫ్‌బాయిల్ గుడ్డులాగా లేదూ? ఆ ఖాళీ నిజానికి ఫార్మలిన్ వల్ల వచ్చేదే, అయినా మాకు గుర్తు. సన్నటి రక్తనాళాలు చూడు, కోళ్ల గూటి జాలీలా అల్లుకున్నాయి. సీటీలో కాల్షియం ఉందని కూడా రాశారు. ఇవన్నీ ఒలిగోడెండ్రోగ్లియోమా అనే రకానికి ఉండే లక్షణాలు. ఇప్పుడు ఇటు చూడు." పలక జరిపింది. అక్కడ కణాలు చచ్చి చెదిరిపోయి ఉన్నాయి, రక్తనాళాలు గుత్తులు గుత్తులుగా లావెక్కి ఉన్నాయి. "ఈ రెండూ చూసి గ్లియోబ్లాస్టోమా అనుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. 2007 నాటి పుస్తకం ప్రకారమైతే నేను కూడా దగ్గర దగ్గర అదే రాసుండేదాన్ని."

ఆమె ఆ పావుగంటలో చెప్పింది నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. 1926లో బెయిలీ, కుషింగ్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు, గడ్డ కణం మెదడులోని ఏ మామూలు కణాన్ని పోలి ఉందో చూసి పేరు పెట్టే పద్ధతి తెచ్చారు. దాదాపు తొంభై ఏళ్లు అదే నడిచింది. ఇద్దరు పాథాలజిస్టులు ఒకే పలకను చూసి రెండు పేర్లు చెప్పిన సందర్భాలు బోలెడు. రెండింటి పోలికా ఉందనుకుంటే ఒలిగోఆస్ట్రోసైటోమా అని కలిపి రాసేవాళ్లు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వర్గీకరణను మార్చి, చూపుతో పాటు జీన్ కూడా కలిపి పేరు పెట్టాలంది. 2021లో వచ్చిన అయిదో ఎడిషన్ ఇంకా ముందుకు పోయింది. పెద్దవాళ్లలో వ్యాపించే గ్లియోమాలకు ఇప్పుడు మూడే పేర్లు. ఐడీహెచ్ మార్పు ఉండి, ఒకటో క్రోమోజోము పొట్టి చేయి (1పీ), పంతొమ్మిదో క్రోమోజోము పొడుగు చేయి (19క్యూ) రెండూ పోయి ఉంటే ఒలిగోడెండ్రోగ్లియోమా. ఐడీహెచ్ మార్పు ఉండి ఆ చేతులు పోకపోతే ఆస్ట్రోసైటోమా. ఐడీహెచ్ మార్పే లేకపోతే గ్లియోబ్లాస్టోమా వైపు. ఆ ఒలిగోఆస్ట్రోసైటోమా అన్న మాట దాదాపు కనుమరుగైంది, జీన్ చూస్తే గడ్డ ఏదో ఒక పక్కకు తేలుతుంది గనక.

"మరి ఐడీహెచ్ నెగెటివ్ వచ్చిందిగా మేడమ్?"

"ఆర్132హెచ్ నెగెటివ్. దానర్థం నీకు నేను చెప్పాలా?" అంది. ఏటీఆర్ఎక్స్ పలక కూడా చూపించింది. ఆస్ట్రోసైటోమాల్లో ఎక్కువగా ఈ ప్రోటీన్ పోతుంది, కణాల కేంద్రకాలు రంగెక్కవు. తమ్ముడి గడ్డలో రంగు ఉంది. పక్కనే ఉన్న మామూలు రక్తనాళాల కణాలు కూడా రంగెక్కాయో లేదో ముందు చూసుకోవాలని చెప్పింది. అవి రంగెక్కకపోతే పరీక్షే చెడిందన్నమాట. మేం పాజిటివ్ కంట్రోల్ పెట్టుకునేది దీనికోసమే గదా అనుకున్నాను.

కార్డు మీద ఆపరేషన్ ఖర్చు గడిచింది గానీ, ఈ పరీక్షలకు మేమే కట్టుకోవాల్సి వచ్చింది. క్రోమోజోములు చూసే ఫిష్ అనే పరీక్షకు వేలల్లో, సీక్వెన్సింగుకు పదుల వేలల్లో అయింది. తమ్ముడు సీడ్ కోసం దాచిన డబ్బులోంచి తీశాం. "గుంట వచ్చే ఏడాది వేసుకుంటాలేక్కా" అన్నాడు వాడు. వచ్చే ఏడాది అన్న మాట వాడి నోట విని మరదలు బయటికి వెళ్లిపోయింది.

ఆ ఎదురుచూపుల్లో చెన్నై ఆసుపత్రి హాల్లో ఒకామె పరిచయమైంది. మా జిల్లా కావలి వైపు మనిషే. వాళ్లాయనకు యాభై ఎనిమిది. ఎమ్మారైలో గడ్డ నెమ్మదస్థుడిలా కనపడిందంట, పలక మీద కూడా గ్రేడ్ 2 లాగా ఉందన్నారంట. జీన్ పరీక్షలో ఐడీహెచ్ మార్పు లేదు, టెర్ట్ అనే జీన్ ముందు భాగంలో మార్పు ఉంది, ఏడో క్రోమోజోము అదనంగా చేరి పదోది పోయింది. 2021 లెక్క ప్రకారం, చూడ్డానికి ఎంత సాధువుగా ఉన్నా అది గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4. ఆమె చేతిలో కాగితం వణుకుతుంటే నేనే పట్టుకుని చదివాను. ఎమ్‌జీఎమ్‌టీ మిథైలేషన్ ఉంది అని కూడా ఉంది. అది ఉంటే టెమొజోలమైడ్ మాత్రలు బాగా పనిచేసే అవకాశం ఎక్కువని డాక్టరమ్మ వాళ్లకు చెప్పింది. ఈ పరీక్షలు చేయిస్తే అందరికీ మంచి మాటే వస్తుందని నేను ఎవరికీ చెప్పను. ఆమెకు రాలేదు. కానీ ఆర్నెల్లకోసారి స్కాను తీసుకుంటూ ఇంట్లో కూర్చోకుండా వెంటనే వైద్యం మొదలైంది.

ఫిష్ ఫలితం ముందు వచ్చింది. క్రోమోజోము చేతులకు రంగు చుక్కలు అంటించి చీకట్లో లెక్కపెట్టే పరీక్ష అది. తమ్ముడి కణాల్లో రెండు చుక్కలు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది, రెండు క్రోమోజోముల్లోనూ. నేను ఎగిరి గంతేయబోయాను. డాక్టరమ్మ ఫోనులోనే ఆపింది. "ఆగు. ఫిష్ చూసేది ఆ చేతిలో ఒక చిన్న భాగాన్నే. గ్లియోబ్లాస్టోమాల్లో కూడా కొన్నిసార్లు ఆ ముక్క ఒక్కటే పోయి మనల్ని మోసం చేస్తుంది. నిజమైన ఒలిగోలో చేయి మొత్తం పోతుంది, ఐడీహెచ్ కూడా మారి ఉంటుంది. సీక్వెన్సింగ్ రానీ." మంచి మాట చేతిదాకా వచ్చినా ఆగమని చెప్పిందంటే, ఆమె మాట మీద నాకు ఇంకా గురి కుదిరింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది రోజులు నా కడుపులోనే పెట్టుకున్నాను. ల్యాబులో జెల్ పోస్తూ చేతులు ఆగిపోయేవి.

మార్చి మొదటి వారంలో మెయిలు వచ్చింది. మధ్యాహ్నం, ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఐడీహెచ్2, ఆర్172కే. ఐడీహెచ్1 కాదు, దాని తోబుట్టువు. 172వ చోట ఆర్జినిన్ ఉండాల్సింది లైసిన్ ఉంది. ఆర్132హెచ్ కోసం తయారుచేసిన యాంటీబాడీ దీన్ని ఎన్నేళ్లు చూసినా పట్టుకోలేదు. కింద ఒకటో క్రోమోజోము పొట్టి చేయి మొత్తం, పంతొమ్మిది పొడుగు చేయి మొత్తం పోయాయని కూడా ఉంది. కొత్త రిపోర్టులో మొదటి లైను: ఒలిగోడెండ్రోగ్లియోమా, ఐడీహెచ్ మ్యుటెంట్, 1పీ/19క్యూ కోడిలీటెడ్, గ్రేడ్ 3.

మూడో గ్రేడ్ అంటే క్యాన్సరే. అది వాడి ఒంట్లోంచి పూర్తిగా పోయే జబ్బు అని ఏ డాక్టరూ అనలేదు. కానీ ఈ రకానికి రేడియేషన్‌తో పాటు పీసీవీ అనే మూడు మందుల కలయిక ఇచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ ఉన్నాయి, ఒకటి అమెరికాలో, ఒకటి యూరపులో, 1990లలో మొదలైనవి. గడ్డలో ఆ రెండు క్రోమోజోము చేతులూ పోయిన వాళ్లలో సగం మందికి పైగా పదేళ్లు దాటి బతికారు. ఆ ట్రయల్స్ మొదలుపెట్టినప్పుడు తేడా ఎక్కడుందో పూర్తిగా తెలియదు, ఏళ్ల తరబడి రోగుల్ని చూస్తూ పోతేనే బయటపడింది. పద్నాలుగు నెలలనుకున్న ఇంట్లో ఇప్పుడు పదేళ్ల మాట వినపడుతోంది.

సాయంత్రం ఇంటికి పోయి తమ్ముడికి చెప్పాను. వాడు అడిగింది ఒకటే. "అంటే పెద్దదాని పది పరీక్షలు చూస్తానా?" "చూడాలనే మందులు మారుస్తుండారు" అన్నాను. అమ్మకు ఈ పేర్లేవీ పట్టలేదు. "మొదట రాసిన పేరు కొట్టేశారంటనా?" అని మూడుసార్లు అడిగింది. కొట్టేశారమ్మా అని మూడుసార్లూ చెప్పాను.

పాత రేడియేషన్ డాక్టరు దగ్గరికే తిరిగి పోయాం. ఆయన కాగితం రెండుసార్లు చదివి, తన పుస్తకంలో ఐడీహెచ్2 అని రాసుకున్నాడు. ముప్పై మూడు రోజుల రేడియేషన్ అయింది. జుట్టు కుడివైపు రాలింది, నీరసం, అంతే. తర్వాత పీసీవీ. మొదటి రోజు లోమస్టిన్ క్యాప్సూళ్లు, ఎనిమిదో రోజు నుంచి రెండు వారాలు ప్రోకార్బజిన్, మధ్యలో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు, ఆరు వారాలకొక కోర్సు. లోమస్టిన్ మా ఊళ్లో దొరకలేదు, చెన్నై నుంచి తెచ్చుకున్నాం. ప్రోకార్బజిన్ వాడే రోజుల్లో ఎండుచేపలు తినగూడదన్నారు. నిల్వబెట్టిన, పులిసిన వాటితో బీపీ ఒక్కసారిగా పెరుగుతుందంట. మా ఇంట్లో ఎండుచేప లేని వారం ఉండదు. ఆ రెండు వారాలూ వాసన కూడా రానీకుండా అమ్మ డబ్బా తీసుకుపోయి చిన్నాన్న ఇంట్లో పెట్టేది. రక్తకణాలు పడిపోయి రెండుసార్లు కోర్సు వాయిదా పడింది. ఆ ఏడు జూలై చివర్లో నెల్లూరులో రొట్టెల పండగకు అమ్మ స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకొచ్చింది. వాడు జనంలోకి పోగూడని రోజులవి, ఇంట్లోనే తిన్నాడు.

2024 ఆగస్టులో మా బంధువొకాయన వాట్సాప్‌లో ఒక వార్త పంపాడు. ఐడీహెచ్ మార్పును సూటిగా అడ్డుకునే వొరాసిడెనిబ్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చిందని. వెంటనే తెప్పిద్దామన్నాడు. డాక్టరును అడిగాం. అది ఆపరేషన్ అయిన గ్రేడ్ 2 వాళ్లకు ఇచ్చిన అనుమతి, తమ్ముడిది 3, పైగా వాడికి వైద్యం ఇప్పటికే అయింది, ఇప్పుడు అక్కర్లేదు అన్నాడు. అయినా నేను ఆ పేరు నోట్‌బుక్కులో రాసిపెట్టాను. వాడి గడ్డలో ఐడీహెచ్2 ఉందని మాకు తెలుసు గనకనే అది రాసుకోవాల్సిన పేరు అయింది. ఇమ్యునో కాగితంతో ఆగిపోయుంటే ఆ తలుపు ఉందని కూడా తెలిసేది కాదు.

బ్లాకులు మాట ప్రకారం తిరిగి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు రెండో దాంట్లో ఇంకా ముక్క మిగిలి ఉందని చెన్నై డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ కూడా జతచేసి, వాళ్ల రిజిస్టరులో ఎక్కించమన్నాను. కౌంటర్లో ఈసారి వేరే అబ్బాయి ఉన్నాడు. ఎందుకమ్మా అన్నాడు. రేపు కొత్త పరీక్ష ఏదైనా వస్తే ఆ ముక్కే కావాలి బాబూ అన్నాను. రాశాడు.

మొన్న దర్శి నుంచి ఎవరో నా నంబరు కనుక్కుని ఫోన్ చేశారు. వాళ్ల అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్లు, ఆపరేషన్ అయింది, రిపోర్టు చేతిలో ఉంది. తండ్రి గొంతు పూడుకుపోతోంది. "ఐడీహెచ్ నెగెటివ్ అని రాసుండారమ్మా, ఇంకేం లేదంట" అన్నాడు. నెగెటివ్ పక్కన ఏం రాసుందో ఒక్కొక్క అక్షరం చదవమన్నాను. ఆయనకు ఇంగ్లీషు సరిగా రాదు, మనవడిని పిలిచాడు. పిల్లాడు కూడబలుక్కుని చదివాడు: ఆర్, ఒకటి, మూడు, రెండు, హెచ్.

"బ్లాకులు ఏ ఆసుపత్రిలో ఉండాయి నాయనా?" అని అడిగి, పెన్ను తీసుకోమన్నాను.